కుడితి గోలెంలో ఎర్ర కారు

మా అమ్మాయికి ఐదో నెల వచ్చి, నేను పుట్టింటి నుంచి అత్తవారింటికి తిరిగొచ్చిన కొద్దిరోజులకే ఆ కారు మా ఇంటికి వచ్చింది. తొంభైల చివరి మాట. మావారు అప్పుడు మస్కట్‌లో ఉద్యోగం చేసేవారు. ఆయనతో కలిసి పనిచేసే ముమ్మిడివరం మనిషొకాయన సెలవు మీద వస్తూ, ఒక అట్టపెట్టె పట్టుకొచ్చి మా అరుగు మీద దింపి, మజ్జిగ తాగి వెళ్ళాడు.

పెట్టెలో రెండు దుప్పట్లు, ఒక పాలపొడి డబ్బా, మావగారికి సెంటు సీసా ఉన్నాయి. వాటి అడుగున, పాత అరబ్బీ పేపర్లలో చుట్టి, జానెడు పొడవున్న ఎర్ర కారు. దానితోపాటు రెండు మీటలున్న నల్లటి రిమోటు. ఒక మీట ముందుకీ వెనక్కీ, ఇంకోటి ఎడమకీ కుడికీ. లాగితే మూరెడు పొడవు సాగే ఏరియలు కడ్డీ.

మావారు వెళ్ళేనాటికి నాకు మూడో నెల. బిడ్డ పుట్టిందన్న కబురు చేరగానే ఆయన సంతోషం పట్టలేక బజారుకి వెళ్ళి, కంటికి ఏది బాగుంటే అది కొనేశారు. ఆ బిడ్డ దాంతో ఆడుకోడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆలోచించినట్టు లేదు.

అత్తగారు కారుని అటూ ఇటూ తిప్పి చూశారు. నా ఒళ్ళో ఉన్న మనవరాలిని చూశారు. “బావుంది వరస. దీనికి మెడ నిలబడి నిండా రెణ్ణెల్లు కాలేదు. కారంట!” అన్నారు.

“బీరువాలో పెడదామా అత్తయ్యగారూ?”

“పెట్టెయ్యమ్మాయ్. పిల్ల పెద్దయ్యేక తీద్దాం.”

పెట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం మావగారు తోటకి వెళ్ళగానే అత్తగారు నా గది గుమ్మంలో నిలబడ్డారు. పాప నిద్రపోతోంది. ఆవిడ గొంతు తగ్గించి, “అమ్మాయ్, నాకో అనుమానం. మిషను అన్నాక వాడకుండా మూలపెడితే బిగుసుకుపోద్దేమో. మన కుట్టుమిషను అలాగే కదా పాడైంది,” అన్నారు.

“అవునండీ. అప్పుడప్పుడూ తిప్పుతూ ఉండాలి,” అన్నాను నేను. నాకూ అది నడపాలని రాత్రంతా మనసు పీకుతూనే ఉంది మరి.

రిమోటులో సెల్ దానితోపాటే వచ్చింది గానీ, కారులోకి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. మావగారి చిన్న రేడియోలో ఉన్నవి తీసి వేశాం. ముందువైపు పొడవాటి గచ్చు మీద కారుని పెట్టి నేను మీట నొక్కాను. అది జుయ్యిమంటూ దూసుకుపోయి తులసికోటకి కొట్టుకుని ఆగింది. అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఎంతసేపు నవ్వారో! నేను ఆ ఇంటి కోడలినై రెండేళ్ళు. అంతవరకూ ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. మంచి మనిషే, మాట కటువు లేదు. కానీ ఎప్పుడూ పనిలో ఉండే మనిషి. తెల్లవారకుండా లేచి పాకలో గేదె దగ్గర మొదలుపెడితే, రాత్రి వంటిల్లు కడిగేదాకా ఆవిడ నడుం వాల్చడం ఉండేది కాదు. అలాంటావిడ చిన్నపిల్లలా “ఇలా ఇయ్యి, ఇలా ఇయ్యి” అంటూ నా చేతిలోంచి రిమోటు లాక్కున్నారు.

ఆవిడకి వారంలో చెయ్యి తిరిగిపోయింది. అరుగు స్తంభాల మధ్యనుంచి కారుని వంకరటింకరగా పోనిచ్చి మళ్ళీ తన కాళ్ళ దగ్గరకి రప్పించుకునేవారు. నేను పాపకి పాలిస్తూ గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. నా వంతు వచ్చేసరికి పాప లేచేది. “నువ్వు బిడ్డని చూసుకో, నేను ఇది చూసుకుంటాలే,” అనేవారు అత్తగారు ఎంతో త్యాగం చేస్తున్నట్టు.

తరవాత దానికో పని కూడా దొరికింది. గచ్చు మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఎండుతూ ఉండేది. కొబ్బరి చిప్పలు కాకపోతే గుమ్మడి వడియాలు, అవీ కాకపోతే పసుపు కొమ్ములు. కాకులకీ కోళ్ళకీ అది పెళ్ళి పందిరి. కర్ర పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉండాల్సిన పనిని అత్తగారు అరుగు మీద కాళ్ళు చాపుకుని చేయడం మొదలుపెట్టారు. కాకి వాలిందంటే చాలు, స్తంభం చాటునుంచి ఎర్ర కారు రయ్యిమని బయల్దేరేది. కోళ్ళయితే రెక్కలు టపటపలాడిస్తూ పాక మీదకే ఎగిరేవి. గేదె మాత్రం నెమరు వేస్తూ ఈ తమాషా అంతా తాపీగా చూసేది.

మావగారికి ఇదంతా నచ్చలేదు. నచ్చలేదంటే తిట్టేవారు కాదు. ఆయన మాటలే తక్కువ మనిషి. సాయంత్రం వార్తల వేళకి రేడియో తిప్పితే అది గురగురమని నీరసంగా పలికేది. మేం సెల్స్ మళ్ళీ అందులో పెట్టేసేవాళ్ళం కానీ, వాటిలో ఉన్న సత్తువ అప్పటికే కాకుల వెనక పరిగెత్తడంలో అయిపోయేది.

“దీనికేదో రోగం వచ్చిందే,” అనేవారు ఆయన రేడియోని చెవి దగ్గర పెట్టుకుని.

“పాతదైపోయింది కదండీ,” అనేవారు అత్తగారు నా వైపు చూడకుండా.

ఒకరోజు ఆయన తోటనుంచి వేళకి ముందే వచ్చేసి, గచ్చు మధ్యలో నిలబడ్డారు. ఆయన కాళ్ళ మధ్యనుంచి కారు దూరి అవతలకి వెళ్ళింది. అత్తగారు రిమోటు కొంగులో దాచారు గానీ ఏరియలు భుజం మీదనుంచి పైకి పొడుచుకొచ్చింది. మావగారు కారునీ, ఏరియలునీ, అత్తగారినీ వరసగా చూసి, “అదా సంగతి,” అని మాత్రం అని కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయారు. మర్నాడు కొత్తపేట నుంచి వస్తూ కొత్త సెల్స్ తెచ్చి, “ఇవి రేడియోకి,” అని నొక్కి చెప్పి, ఇంకో నాలుగు పక్కన పెట్టారు. అవి దేనికో చెప్పలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఓ మధ్యాహ్నం నేనూ అత్తగారూ పాపని ఎత్తుకుని పక్కవీధిలో పేరంటానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి అరుగు మీద కారు లేదు. గచ్చు మీదా లేదు. పిల్లలెవరైనా ఎత్తుకెళ్ళారేమోనని నేను వీధిలోకి చూస్తున్నాను. అంతలో పాకలోంచి గేదె అరవడం మొదలుపెట్టింది. ఆకలరుపు కాదది. ఎవరో తన సొమ్ము ముట్టుకున్నట్టు కోపంగా అరుస్తోంది.

మా పాక ముందు కుడితి గోలెం ఉండేది. గేదె తల వంచి తాగడానికి వీలుగా దాన్ని అంచు దాకా నేలలో పాతారు. ఇంట్లో బియ్యం కడుగు, గంజి, తవుడు, తెలగపిండి, గుప్పెడు ఉప్పు, అన్నీ అందులోకే వెళ్ళేవి. గేదె ఆ గోలెంలో మూతి పెట్టి, తల ఎగరేసి, మళ్ళీ మూతి పెడుతోంది. అత్తగారు దగ్గరికి వెళ్ళి చూసి, “ఓసి నా తల్లో!” అన్నారు.

కుడితి మీద ఎర్రటి చక్రం ఒకటి తేలుతోంది. తేలడం కాదు, కారు ముక్కు కిందకి మునిగి, వెనక చక్రం పైకి వచ్చింది. అత్తగారు జబ్బదాకా చెయ్యి ముంచి దాన్ని పైకి తీశారు. కిటికీల్లోంచి కుడితి ధారలు కట్టింది. లోపల డ్రైవరు కూర్చునే చోట తవుడు ముద్ద. రిమోటు పాక అరుగు మీద, ఏరియలు పూర్తిగా లాగి ఉంది.

“కాలవలో పడినా బాగుండేది,” అన్నారు అత్తగారు కారుని దూరంగా పట్టుకుని. “అది ఉత్త నీళ్ళు. ఇందులో ఉప్పుంది, గంజుంది. గంజి ఆరితే బట్టే అట్టలా అయిపోద్ది. ఇంక మిషను సంగతి చెప్పాలా?”

ముందు సెల్స్ తీసేశాం. తడిలో కరెంటు ఆడితే లోపల మాడిపోతుందని నాకు అనిపించింది. నేను ఇంటర్లో చదివిన సైన్సు అంతవరకే పనికొచ్చింది. విప్పాలంటే చిన్న స్క్రూ డ్రైవరు కావాలి. మా ఇంట్లో ఉన్నదల్లా కొబ్బరికాయలు ఒలిచే సామాను. ఏం చెయ్యాలా అనుకుంటూంటే మావగారు వచ్చి, చొక్కా జేబులోంచి కరెంటు చూసే టెస్టరు తీసి మా పక్కన పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఆయన జేబులో టెస్టరు ఎందుకుందో అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగు మరలు తీస్తే పైన ఉన్న ఎర్ర డిప్ప ఊడొచ్చింది. లోపల అరచేతిలో సగం ఉండే ఆకుపచ్చ పలక. దానిమీద చిన్నచిన్న గింజల్లాంటివి, వాటి మధ్య వెండి చుక్కలు. పలక నిండా తెల్లటి గంజి, తవుడు. సన్నటి వైర్లు రెండు మోటారు దగ్గరికి వెళ్తున్నాయి. పుల్లటి కంపు.

“కడగాలి,” అన్నారు అత్తగారు.

“నీళ్ళలో పడి పాడైనదాన్ని మళ్ళీ నీళ్ళతో కడగడమేంటండీ?”

“పాడుచేసింది నీళ్ళు కాదమ్మాయ్. నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు ఆరిపోద్దా?”

ఆవిడ చెప్పిందాంట్లో నిజముందని నాకు తోచింది. కానీ మా బోరు నీళ్ళు పోయడానికి మనసొప్పలేదు. బిందె అడుగున తెల్లగా పేరుకునే నీళ్ళవి. అప్పుడు పాప కోసం కాచి చల్లార్చి గుడ్డతో వడకట్టిన నీళ్ళు గుర్తొచ్చాయి. గిన్నెడు తెచ్చి, పలక మీద కొద్దికొద్దిగా పోస్తూ పాత పళ్ళ బ్రష్షుతో తవుడు తోశాను. అత్తగారు కారుని రెండు చేతులతో పట్టుకుని, పాపకి నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టే, నేను చెప్పకుండానే అటూ ఇటూ ఒరిగిస్తున్నారు. “చెవుల్లోకి పోనీకు,” అన్నారు అలవాటుగా. అని, తనే నవ్వేశారు.

నా పుట్టింటి సామానులో స్పిరిట్ సీసా ఒకటి ఉంది. పాప బొడ్డు ఊడే రోజుల్లో నర్సమ్మగారు ఇచ్చింది సగం మిగిలింది. దూదిని అందులో ముంచి వెండి చుక్కల మీద అద్దాను. స్పిరిట్ తనతోపాటు తడిని లాక్కుని ఆరిపోతుందని నా ఆశ. ఆ దూది గోధుమరంగుకి తిరిగింది. ఇంకో దూది, ఇంకోటి. చివరికి తెల్లగా వచ్చింది.

ఇక అక్కణ్ణించి మా ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. పొద్దున్నే లేత ఎండలో పాపని కాసేపు పడుకోబెట్టేవాళ్ళం. పక్కనే పళ్ళెంలో గుడ్డ పరిచి కారు పలక, మోటారు, చక్రాలు. ఎండ ముదరగానే ఇద్దరినీ లోపలికి తెచ్చేవాళ్ళం. ప్లాస్టిక్కు కరుగుతుందేమోనని అత్తగారి భయం. పాపకి తలంటి సాంబ్రాణి వేసేటప్పుడు కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద జుట్టు ఆరబెట్టడం ఆనవాయితీ. పాప అయిపోగానే, కుంపట్లో నిప్పులు ఇంకా గోరువెచ్చగా ఉండగా, అదే బుట్ట మీద కారుని పెట్టేవారు ఆవిడ. సాంబ్రాణి మాత్రం వద్దన్నాను. “పోనీ చిటికెడు,” అన్నారు. “కుడితి కంపు పోద్ది కదా.” చిటికెడు వేశారు. ఎన్నో నెలల తరవాత కూడా ఆ కారుని ముక్కు దగ్గర పెట్టుకుంటే పసిపిల్ల వాసన వచ్చేది.

ఆ వైద్యం జరుగుతున్న రోజుల్లోనే ఓ సాయంత్రం మావగారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. అత్తగారు స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. నేను పాపని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. ఉన్నట్టుండి మావగారు అడిగారు.

“ఏమేవ్, ఆ మీట ముందుకు నొక్కితే బండి ముందుకు వెళ్ళుద్దా?”

“ఆయ్, ముందుకే వెళ్ళుద్దండి.”

“మరి ఆగాలంటే?”

“ఆగడానికేముందండీ? మీట వదిలేస్తే ఆగిపోద్ది.”

మావగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. “వదిలెయ్యాలని నాకెవరు చెప్పేరు?” అన్నారు బాధగా. “ఆగుద్దేమోనని ఇంకా గట్టిగా నొక్కేను.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత అత్తగారు మెల్లగా, “అంటే... గోలెంలోకి తోలింది మీరాండీ?” అన్నారు.

“నేను తోలలేదు. అదే వెళ్ళింది.”

మేం ఇద్దరం నవ్వు ఆపుకోవాలని చాలా ప్రయత్నించాం. పేరంటానికి మేం వెళ్ళగానే ఆయన తలుపు దగ్గరగా వేసి, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, ఏరియలు పూర్తిగా లాగి మరీ మొదలుపెట్టారట. అది గోలెంలో పడ్డాక గేదె అడ్డం రావడంతో తీయలేకపోయారట. విప్పి బాగుచేద్దామని ఎదురింటివాళ్ళని అడిగి టెస్టరు తెచ్చేసరికి మేం వచ్చేశాం. ఆయన ఇదంతా ఎంత గంభీరంగా చెప్పారంటే, అత్తగారు ఇక ఆగలేక చెంగు మొహాన కప్పుకుని లోపలికి పరిగెత్తారు. లోపల్నించి నవ్వు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆయన కూడా మీసాల్లో నవ్వుకున్నారు.

శుక్రవారం మస్కట్‌లో సెలవు. పక్కింటివాళ్ళ ఫోనుకి మావారు చేసేవారు. ముగ్గురం పాపతో సహా అక్కడ కూర్చునేవాళ్ళం. మొదట అత్తగారు మాట్లాడేవారు. అవతలివైపు మాట కూడా గదంతా వినిపించేది, ఆ రోజుల్లో ఫోన్లో అరిచి మాట్లాడేవాళ్ళం కాబట్టి.

“అమ్మా, కారు బావుందా?”

“బావుందిరా. పొద్దున్నే ఎండలో పడుకోబెట్టేను.”

“కారునా?”

“ఇద్దర్నీ.”

“అంతా బావున్నారు కదా?” అన్నారు మావారు అనుమానంగా.

అంతా పొడిగా ఆరిందని నమ్మకం కుదిరాక ఒకరోజు మళ్ళీ బిగించాం. సెల్స్ వేశాం. అత్తగారు దేవుడి గదివైపు ఒకసారి చూసి మీట నొక్కారు. కదల్లేదు. మళ్ళీ నొక్కారు. చడీచప్పుడూ లేదు. ఆవిడ మొహం చూసి నాకు జాలేసింది. సెల్స్ తీసి చూస్తే, అవి ఆనే ఇత్తడి రేకుల మీద పచ్చగా చిలుం పట్టి ఉంది. పలక కడిగాం గానీ వాటిని మరిచాం. నిమ్మచెక్కతో రుద్ది, చిలుం పోయాక తడిగుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో మెరిసేదాకా గీకాను. మళ్ళీ ఎండ, మళ్ళీ కుంపటి.

ఈసారి మీట నొక్కగానే లోపల ‘టిక్కు’మంది. అత్తగారు మీట వెనక్కి లాగారు. కారు జుయ్యిమంటూ వెనక్కి కదిలింది!

“వచ్చేసింది! ఏవండీ, వచ్చేసిందండీ!” అని ఆవిడ పెట్టిన కేకకి గచ్చు మీద కోళ్ళు పాక దాకా పరిగెత్తాయి. మావగారు తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చారు. పాప కూడా ఆ కేకకి ఉలిక్కిపడి, మా మొహాలు చూసి, బోసినోటితో నవ్వింది.

అయితే అది వెనక్కి మాత్రమే వెళ్తోంది. ముందుకు నొక్కితే టిక్కుమని ఊరుకుంటోంది. ఎడమకీ కుడికీ బాగానే తిరుగుతోంది. పలక మీద ఏదో ఒక గింజని ఉప్పు తినేసి ఉంటుంది. ఏదో మాకు తెలియదు. ఆ రోజంతా నేను దాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తూనే ఉన్నాను. ముందుకు మాత్రం రానంది.

“పోనీ, వెనక్కే నడుపుదాం,” అన్నారు అత్తగారు.

“కారు వెనక్కి నడుస్తుంటే చూడ్డానికేం బావుంటుంది?” అన్నారు మావగారు. అప్పటికి ఆయన మాతోపాటు గచ్చు మీద చతికిలబడి ఉన్నారు. విప్పదీసిన ఎర్ర డిప్ప ఆయన చేతిలో ఉంది. దాన్ని తీసుకుని ఉత్తినే పలక మీద పెట్టారు. చూసుకోకుండా తిరగేసి పెట్టారు. ముందు అద్దం ఉన్నవైపు వెనక చక్రాల మీదకి వచ్చింది. అత్తగారు దానివంక చూశారు. నేను చూశాను. ఎవరు ముందు అన్నారో ఇప్పుడు చెప్పలేను.

“అలాగే ఉంచండి!”

మరలు పెట్టే కన్నాలు కలవలేదు. పురికొసతో, మావగారు పేనిన సన్నటి కొబ్బరిపీచు తాడుతో, కింద రెండుచోట్లా పైన ఒకచోటా కట్టాం. మీట వెనక్కి లాగితే కారు ఇప్పుడు నిక్షేపంగా ముందుకు వెళ్ళింది. ఒక్కటే చిక్కు. ఎడమకి నొక్కితే కుడికి, కుడికి నొక్కితే ఎడమకి తిరుగుతోంది. నేను ఆ చిక్కు ఎప్పటికీ విప్పుకోలేకపోయాను, ప్రతిసారీ తులసికోటే నాకు గమ్యం. అత్తగారికి మాత్రం రెండు పూటల్లో పట్టుబడింది. “ఏముందీ, అద్దంలో చూసి బొట్టు పెట్టుకున్నట్టే,” అన్నారు. వారం తిరక్కుండా కాకులు మళ్ళీ మా గచ్చు మీద వాలడానికి జంకాయి.

మావారు సెలవు మీద వచ్చేనాటికి పాప అరుగు పట్టుకుని నిలబడుతోంది. ఆయన్ని చూసి మొదట ఏడ్చింది, తరవాత ఆయన చేతి గడియారం కోసం దగ్గరికి వెళ్ళింది. అన్నాలయ్యాక అత్తగారు ఆగలేక కారు బయటికి తీశారు. ఆయన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చూస్తున్నారు. కారు ఆయన చుట్టూ ఒక రౌండు తిరిగింది. ఆయన నుదురు చిట్లించారు.

“అమ్మా, తిరగాల్సిన చక్రాలు వెనకున్నాయేంటే? ఈ పీచుతాడేంటి?”

ముగ్గురం ఒకేసారి మొదలుపెట్టాం. అత్తగారు గోలెం దగ్గర్నించి చెప్తుంటే, నేను స్పిరిట్ దగ్గర్నించి చెప్తున్నాను, మావగారు మధ్యలో “ఆగడానికి మీట వదలాలని దాని మీద ఎక్కడా రాసిలేదురా,” అంటున్నారు. మావారు ఆ కారుని ఒళ్ళో పెట్టుకుని, తాడు ముడి చూసి, వాసన చూసి, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. మస్కట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఇల్లెలా ఉందో ఊహించుకునేవాణ్ణి గానీ, ఇలా ఉందని అనుకోలేదని తరవాత నాతో అన్నారు.

అప్పుడాయన లేచి లోపలికి వెళ్ళి, ఇంకా విప్పని సూట్‌కేసులోంచి ఒక డబ్బా తెచ్చి మావగారి ముందు పెట్టారు. నీలం రంగు కారు.

అత్తగారు ఆశ్చర్యపోయారు. “మళ్ళీ ఎందుకురా?”

“ఓ శుక్రవారం మీరింకా రాకముందే నాన్నగారు ఫోన్లో అడిగేరమ్మా. నువ్వు నీది ముట్టుకోనివ్వట్లేదంట.”

“ముట్టుకోనివ్వదని నేననలేదు,” అన్నారు మావగారు డబ్బా విప్పుతూ. “అడిగితే ఇస్తుంది. అడగడమెందుకని.”

ఎరుపూ నీలం పక్కపక్కన పెట్టారు. గచ్చు ఈ చివర్నించి ఆ చివరిదాకా పందెం. మావగారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. నేను పాపని ఎత్తుకుని అవతలి చివర నిలబడ్డాను. మావారు “ఒకటి, రెండు, మూడు” అన్నారు.

మావగారు ముందుకు నొక్కారు, నీలం కారు దూసుకొచ్చింది. అత్తగారు వెనక్కి లాగారు, ఎర్ర కారు కదిలింది. కదలగానే నీలం కారు సగంలో ఆగి, గిలగిల్లాడి, వెనక్కి పరిగెత్తి మావగారి కాలికి తగిలింది.

“ఇదేంట్రా, నేను ముందుకే కదా నొక్కేను?”

మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. అత్తగారి ఎర్రది ముందుకొచ్చినప్పుడల్లా మావగారి నీలంది వెనక్కి పోతోంది. మావారు రెండు రిమోట్లూ తీసుకుని ఒక్కోటీ నొక్కి చూశారు. రెండు కార్లూ ఒకే రకం, ఒకే కొట్లో కొన్నవి. ఏ రిమోటు నొక్కినా రెండూ వింటున్నాయి. ఎర్రదాన్ని ముందుకు నడపాలంటే వెనక్కి లాగాలి కాబట్టి, ఆ వెనక్కి అన్న మాట నీలంది కూడా వినేస్తోంది.

“అంటే మీ అమ్మ నా బండిని కూడా తోలుతోందా?” అన్నారు మావగారు.

“అవునండి నాన్నగారూ.”

“మరి నేను ఆవిడది తోలచ్చా?”

“తోలచ్చండి.”

మావగారు మెల్లగా మీట వెనక్కి లాగారు. అత్తగారి చేతిలో రిమోటు ఊరికే ఉండగానే ఎర్ర కారు తనంతట తను బయల్దేరి గచ్చు మీద చక్కా వచ్చేసింది. ఆయన వేలు మీట మీద అలాగే ఉంది. “వదలండి, వదిలెయ్యండి!” అని అత్తగారు అరుస్తున్నారు. ఆయన వదిలారు. కారు నా కాళ్ళ దగ్గర ఆగింది. పాప నా చంకలోంచి జారి కిందకి దిగి, రెండు చేతులతో ఆ కారుని పట్టుకుని, పీచుతాడు ముడిని నోట్లో పెట్టుకుంది.

“అయ్యో, ఇవ్వవే, మా తల్లివి కదూ, పందెం అవలేదింకా!” అంటూ అత్తగారు పరిగెత్తుకొచ్చారు. పాప ఇవ్వలేదు. మావగారు నీలం కారుని ఆశ చూపించారు. దాన్నీ లాక్కుంది. రెండు కార్లూ ఒళ్ళో పెట్టుకుని గచ్చు మధ్యలో కూర్చుంది. పెద్దవాళ్ళం నలుగురం చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని, అదెప్పుడు విసుగెత్తి మాకు ఇస్తుందా అని చూస్తూ ఉండిపోయాం. ఆ సాయంత్రం గేదె పాలు తీయడం చాలా ఆలస్యమైంది.